నిండు ట్యాంకుతో సముద్రం మొగ దాకా

నవంబరు నాలుగో తేదీ, మంగళవారం, తెల్లవారుజామున ఐదు గంటల పది నిమిషాలకు రాజమండ్రిలో మా ఇంటి ముందు ఆటో ఎక్కాం. మేమంటే నేనూ, మా ఆడపడుచు మాణిక్యమూ. నాకు డెబ్బై నాలుగు, ఆవిడకు అరవై తొమ్మిది. ఇద్దరికీ పసుపు కుంకాలు పోయాయి. ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటాం, పొయ్యి మాత్రం ఒక్కటే.

మా పని ఇది. కోటిపల్లి రేవులో కట్టేసి ఉన్న మా లాంచీని గౌతమి మీదుగా కిందికి నడిపించుకు వెళ్లి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవుల అవతల ఉన్న ఒక పల్లెలో అప్పగించి రావాలి. ఆ దారిన నీళ్ల మీద వెళ్లేవాళ్లు ఈ రోజుల్లో తక్కువ. అందరూ వంతెనల మీద వెళ్తున్నారు. చూడని వాళ్ల కోసం రాస్తున్నాను.

లాంచీ పేరు సుభద్ర. మా అత్తగారి పేరు. ముప్పై మంది పట్టే చిన్న లాంచీ, రెండు సిలిండర్ల పాత డీజిల్ ఇంజిన్. మా వారు ముప్పై ఆరేళ్లు కోటిపల్లి నుంచి లంక గ్రామాలకు దాన్ని నడిపారు. నేను రేవులో బల్ల వేసుకుని టికెట్లు కోసేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ తర్వాత ఆయన దగ్గర పనిచేసిన సరంగు వీర్రాజు నడిపాడు. మొన్న వేసవిలో ఎక్కేవాళ్లు లేక ఆపేశాం.

కొంటానన్న వాళ్లు ఇద్దరే. ఒకరు కాకినాడలో పాత ఇనుము కొనే వ్యాపారి. రెండేళ్ల నుంచి టన్నుల లెక్కన అడుగుతున్నాడు. రెండోవారు ఆ మొగ పల్లె పెద్ద ధనరాజు గారు. ఆ ఊరికి రోడ్డు లేదు. ఆడవాళ్లు చేపల గంపలతో సంతకు వెళ్లాలన్నా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా వల పడవల్లోనే వెళ్లాలి. ఆయన చెప్పిన మాట ఒక్కటే. "మా రేవులో, నా ఎదురుగా ఇంజిన్ స్టార్టవ్వాలండి. అయితే లాంచీ కింద తీసుకుంటాను, మీ సరంగుని కూడా మా ఊళ్లోనే పెట్టుకుంటాను. అవ్వకపోతే నాకొద్దండి."

అంటే ఆ ఇంజిన్‌ను ఆరోగ్యంగా మొగ దాకా చేర్చాలి. చేరితే సుభద్ర నీళ్ల మీద ఉంటుంది. చేరకపోతే ముక్కలు.

తాపేశ్వరం

ఆటో తాపేశ్వరంలో ఆగింది. మాణిక్యం మడతకాజా కొనందే కదలనంది. కిలో పెట్టె కట్టించింది.

"షుగరు నూట తొంభై ఉన్న మనిషివి, ఎవరికే అన్ని?" అన్నాను.

"ధనరాజు గారింటికి వదినా. మా అమ్మని ఆయనకి అప్పజెప్పటానికి ఎల్తన్నాం. ఉత్త చేతుల్తో ఎల్తామా? అమ్మాయిని కాపరానికి పంపినట్టు పంపొద్దూ?"

"మీ అమ్మ కాపరానికి వెళ్లే వయసేం కాదులే."

"బతికున్నప్పుడూ అత్తగార్ని ఆడిపోసుకున్నావు, ఇప్పుడూ అంతే" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. ఆవిడకు ఆ రెండూ ఒక్కసారే వస్తాయి.

ద్రాక్షారామం చేరేలోగా పెట్టెలోంచి పాకం కారి నా చేతిసంచి అంతా జిగటయింది.

రామచంద్రపురం దాటాక

వీర్రాజు రెండు ఖాళీ పీపాలు వేసిన ట్రాలీ ఆటోతో పెట్రోలు బంకు దగ్గర నిలబడి ఉన్నాడు. అరవై రెండేళ్ల మనిషి, మాట తక్కువ. బంకులో అప్పుడే ట్యాంకరు దించుతున్నారు.

డీజిల్ విషయంలో మా వారికి కొన్ని పట్టింపులు ఉండేవి. బాగా అమ్ముడుపోయే బంకులోనే కొనాలి, అక్కడ సరుకు నిలవ ఉండదు. ట్యాంకరు దించుతుండగా కొనకూడదు, అడుగున పేరుకున్న మడ్డీ నీళ్లూ అప్పుడు పైకి లేస్తాయి. కొన్నది వెంటనే ఇంజిన్‌కు పోయకూడదు. పీపాలో ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున్న పైనుంచి తోడుకుని, అడుగున జానెడు వదిలెయ్యాలి. అన్నిటికంటే ముందు ఒక గాజు సీసాలో కాస్త పట్టి, ఊపి, నిలబెట్టి చూడాలి. నీళ్లుంటే అడుక్కి దిగుతాయి. పాడైన డీజిలైతే మసకగా, నల్లటి నలుసులతో ఉంటుంది. మంచిది పల్చటి తేనె రంగులో, అవతలి వేలు కనబడేట్టు ఉంటుంది.

ట్యాంకరు వెళ్లాక గంటన్నర కూర్చున్నాం. తర్వాత నా సంచిలోంచి సీసా తీశాను. ఒకప్పుడు తేనె పోసిన సీసా అది.

బంకు కుర్రాడు చూసి, "ఏంటి మామ్మగారూ, తాగటానికా?" అన్నాడు.

"నేను కాదు నాయనా, మా అత్తగారు" అంది మాణిక్యం.

వాడు ఖరీదైన రకం కూడా ఉందని, ఇంజిన్ లోపల కడిగేస్తుందని చెప్పాడు. లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. నేను వీర్రాజు వైపు చూశాను.

"వద్దండి. కొత్త కార్లకైతే సరే. మన ఇంజిన్లో నలభయ్యేళ్ల మసుందండి. ఒక్కసారి అదంతా కడిగేస్తే ఊడొచ్చి ఫిల్టర్లో కూకుంటాది. దానికలవాటైన తిండే పెడదాం."

సీసాలో డీజిల్ ఊపి నిలబెట్టాను. పది నిమిషాలకు కూడా అడుగున ఏమీ దిగలేదు. తొంభై లీటర్లు కొన్నాం. మొగ దాకా ముప్పై ఐదు చాలు. మిగిలింది ధనరాజు గారికి.

కోటిపల్లి రేవు

రేవు చూసి నాలుగేళ్లయింది. అప్పుడు నా టికెట్ల బల్ల ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు ఉంది. మోటారు సైకిళ్లను, కార్లను పంటు మీద ఎక్కించి ముక్తేశ్వరం దించుతున్నారు. మా రాజమండ్రి రేవులో ఎవరి గొడవ వాళ్లది. ఇక్కడ మెట్లు దిగేలోగా ముగ్గురు "ఎవరింటికొచ్చారండీ?" అని అడిగారు. ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "టికెట్టమ్మగారూ, చిక్కిపోయారేంటండీ!" అంది. నాకు అరవై ఒక్క కిలోలు, పదేళ్లుగా మారలేదు. ఆ మాట చెప్పాను. "అయితే మనసు చిక్కింది లెండి" అంది.

ఆ రాత్రి పీపాలు కదపకుండా ఉంచాం. మర్నాడు బుధవారం, కార్తీక పౌర్ణమి. పొద్దున్నే రేవంతా తలస్నానాల ఆడవాళ్లు, అరటి దొప్పల్లో దీపాలు. వాటి మధ్యనే మేం డీజిల్ తోడుకున్నాం. వీర్రాజు తోలుగుడ్డలోంచి వడపోస్తూ ఎనభై లీటర్లు పోశాడు. తోలు డీజిల్‌ను దిగనిస్తుంది, నీటిని పట్టేస్తుంది. ట్యాంకు సగానికి కాస్త పైగా నిండింది. అడుగుది పది లీటర్లు రేవులో పంటు వాళ్లకు చెప్పి, సామాను తుడవడానికి ఇచ్చేశాం.

మాణిక్యం ఇంజిన్‌కు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. వీర్రాజు హ్యాండిలు వేసి ఇంజిన్ చక్రం తిప్పాడు. సుభద్ర రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆ చప్పుడు వినగానే మెట్ల మీద ఆడవాళ్లు కొందరు మా వైపు దండం పెట్టారు. వాళ్లు పెట్టింది గోదావరికేనేమో. మాణిక్యం మాత్రం ఎదురు దండం పెట్టింది.

గౌతమి మీద

ముందు వారం తుఫాను వానలు కురిశాయి. నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. లంకల్లో అరటి తోటలు ఒకే వైపుకు పడుకుని ఉన్నాయి. ఒక రైతు గట్టు మీద కూర్చుని, పడిన గెలలు ఎవరికి కావాలన్నా పట్టుకుపొమ్మంటున్నాడు. మేం రెండు గెలలు తీసుకుని డబ్బులివ్వబోతే, "అయ్ బాబోయ్, పడిపోయినదానికి డబ్బులేంటండీ!" అన్నాడు. గెల నగరంలో మూడొందలు.

తాడు వేయడం, తియ్యడం మాణిక్యం చేసింది. లాంచీల మీద పుట్టి పెరిగిన మనిషి, అరవై తొమ్మిదిలోనూ ముడి ఒంటిచేత్తో వేస్తుంది. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. అది మా వారు మధ్యాహ్నం పూట పడుకునే బెంచీ. చెక్క ఆయన తల పెట్టేచోట నున్నగా అరిగింది. అక్కడ చెయ్యి పెట్టుకుని యానాం దాకా వెళ్లాను.

యానాం

యానాం పుదుచ్చేరి కింద లెక్క. అందుకని కొన్ని చవక. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మందు సీసాల కోసం వస్తారు, క్యానుల కోసమూ వస్తారు. డీజిల్ మా వైపు కంటే లీటరుకు చాలా తక్కువ. మేం లాంచీ కట్టగానే రేవులో ఒకాయన నీలం క్యానులతో దగ్గరికొచ్చాడు.

"బంకు రేటు కంటే ఇంకో పదిహేను తక్కువండి. బయో డీజిలండి, పొగే రాదు."

"ఏం నూనె నుంచి తీసింది?" అన్నాను.

"అదేంటండీ, ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు!"

సీసాలో పట్టాను. రంగు బాగానే ఉంది. కానీ వాసన చూస్తే బజ్జీలు వేయించిన మూకుడు గుర్తుకొచ్చింది. వద్దన్నాను. వీర్రాజు ముఖంలో తృప్తి కనబడింది. "అయ్యగారుంటే క్యాను తన్నేవారండి" అన్నాడు. పోల్చి చూడటానికి బంకు డీజిల్ కూడా సీసాలో పట్టి చూశాను. బాగుంది. కానీ మాకు అవసరం లేదు.

మెస్సులో కంద బచ్చలి కూర, పప్పుచారు, గడ్డపెరుగు. ఒక్కొక్కరికి తొంభై. మా ఊళ్లో ముందు టోకెను కొనాలి. ఇక్కడ ముందు డబ్బులు తీస్తే మెస్సావిడ కోప్పడింది. "తిన్నాక ఇద్దురుగాని. ముందే లెక్కేంటండీ, పరాయోళ్లలాగ!" మేం పరాయివాళ్లమే. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. ఈ వైపు మనుషుల ముందు లెక్క తియ్యడం కష్టం.

చెరువుగట్టు

గురువారం పొద్దున్న పోటు నిండేదాకా ఆగి, యానాం వదిలాం. ఆటు మొదలైతే నీళ్లు సముద్రం వైపు తీస్తాయి, దానితోపాటు దిగిపోవచ్చని వీర్రాజు లెక్క. గంట నడిచాక ఎడమ గట్టు మీద రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఒక చోట తెల్లచొక్కా మనిషి గట్టు వెంట పరిగెత్తుతూ, తువ్వాలు ఊపుతూ కేకలేశాడు.

"సుభద్రేనా అది? సుభద్రేనాండీ?"

ఒడ్డుకు తీశాం. యాభై ఏళ్ల మనిషి, రొప్పుతున్నాడు. ఈయన పేరు మార్చి సూరిబాబు అని రాస్తున్నాను. ఎందుకు మార్చానో చదివితే తెలుస్తుంది. ఇరవై ఎకరాల చెరువులకు యజమాని. చిన్నప్పుడు లంక నుంచి కోటిపల్లి హైస్కూలుకు మా లాంచీలోనే వచ్చేవాడు.

"ఆ చప్పుడు ఎక్కడున్నా పోల్చుకుంటానండి! మా నాన్న పోయాక మూడేళ్లు, టెన్త్ అయ్యేదాకా, మీ ఆయన నా దగ్గర పైసా పుచ్చుకోలేదండి. టికెట్టమ్మగారు మీరే కదండీ? మీరు అడగబోతే ఆయన కళ్లతో వద్దనేవారు. నాకు గుర్తే!"

నాకూ గుర్తే. అతని కాళ్లకు చెప్పులుండేవి కావు.

భోజనం చెయ్యకుండా పంపనన్నాడు. కార్తీకమాసమని మాణిక్యం నసిగితే, "మీకు వేరే గిన్నెల్లో వండిస్తానండి, మా అత్తగారూ మీలాంటోరే" అన్నాడు. గుత్తివంకాయ, పెసరపప్పు, ఆవకాయ, నెయ్యి. వీర్రాజుకు రొయ్యల ఇగురు. మూడుసార్లు వడ్డించారు. మా వారు ఎలా పోయారని అడిగి, చెప్పగానే తినడం ఆపి చెయ్యి కడిగేసుకున్నాడు.

లాంచీ దగ్గరికి సాగనంపడానికి వచ్చి, వంగి ట్యాంకు చూశాడు.

"సగమే ఉందేంటండీ?"

"మొగ దాకా ఎక్కువే నాయనా" అన్నాను.

"సగం ట్యాంకుతో పంపిస్తే నాకు మర్యాదేనాండీ? చిన్నప్పుడంతా మీ లాంచీలో ఊరికే తిరిగాను. ఒక్కసారి ట్యాంకు నింపనివ్వండి. వద్దంటే నా మీదొట్టే!"

అతని మనుషులు ఇద్దరు చెరువు జనరేటరు పక్కనున్న పీపా దొర్లించుకు వచ్చారు. నీలం ప్లాస్టిక్ పీపా, మూత కాస్త వదులుగా ఉంది. మొన్నటి వానలన్నీ ఆరుబయటే తడిసిన పీపా. మూత మీద గుంటలో ఎండిన బురద ఉంది. నేను చూశాను. వీర్రాజు కూడా చూశాడు, నా ముఖం వైపు చూశాడు. సీసా నా సంచిలోనే ఉంది. తీసి, అతను ఇచ్చినదాన్ని అతని ముందే, అతని మనుషుల ముందే ఊపి చూడాలి. మాణిక్యం నా మోచెయ్యి పట్టుకుని, "వద్దు వదినా, చిన్నబోతాడు" అని గొణిగింది. ఈ గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు తెలుస్తుంది ఆ మాట బరువు. పెట్టినవాడి చేతిని అనుమానించడమంటే ముఖాన కొట్టినంత పని.

"తోలుగుడ్డ తెస్తానండి" అన్నాడు వీర్రాజు.

"మా దగ్గరుంది లెండి వడపోతకి" అని సూరిబాబు తన కొత్త తువ్వాలే తీసి, నాలుగు మడతలు వేసి, తనే పట్టుకున్నాడు. నూలు గుడ్డ బురదను ఆపుతుంది, నీటిని ఆపదు. ఎనభై లీటర్లు పోయించాడు. ట్యాంకు నిండి అంచు దాకా వచ్చింది. తెల్లచొక్కా మీద డీజిల్ మరకలు పడితే చూపించి మురిసిపోయాడు. మేం మలుపు తిరిగేదాకా గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు.

"ఆ గుడ్డ చూశారాండీ అమ్మగారూ?" అన్నాడు వీర్రాజు.

"చూశాను."

"సరేనండి" అని చుక్కాని పట్టుకున్నాడు.

మొగ

గంటా పది నిమిషాలు ఇంజిన్ ఎప్పటిలాగే నడిచింది. ఇక పర్వాలేదనుకున్నాను. గౌతమి ఇక్కడ వెడల్పు. రెండు వైపులా మడ అడవులు, వేళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. తెల్లకొంగలు ఉన్నాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. మాణిక్యం చెయ్యి నీళ్లలో ముంచి నాలుక్కి రాసుకుని, "వచ్చేశాం" అంది. సముద్రపు అలలు ఎదురై లాంచీ ఊగడం మొదలైంది. ఆ ఊపుకు ట్యాంకు అడుగున ఉన్నది పైకి లేచింది.

ఇంజిన్ చప్పుడులో ఒక తప్పు పడింది. తర్వాత ఇంకోటి. ఇంజిన్ పక్కన ఒక గాజు గిన్నె ఉంటుంది, డీజిల్ దానిలోంచి, ఫిల్టరులోంచి వడపోసుకుని పంపులోకి వెళ్తుంది. వీర్రాజు తొంగి చూసి ఇంజిన్ ఆపేశాడు. గిన్నెలో సగం దాకా నీళ్లు. పైన ఉన్న డీజిల్‌లో నల్లటి జిగురు తీగలు తీగలుగా తేలుతోంది. నీళ్లు చేరిన డీజిల్ నెలల తరబడి నిలవ ఉంటే నాచులాగా అది పడుతుంది.

గిన్నె వంపాడు. ఫిల్టరు మార్చాడు. ఐదు నిమిషాలు నడిచి ఆగింది. రెండో ఫిల్టరు. మూడు నిమిషాలు. ఇక ఫిల్టర్లు లేవు.

పౌర్ణమి మర్నాటి ఆటు అది, లాగు ఎక్కువ. నీళ్లు మమ్మల్ని మొగ వైపు లాగేస్తున్నాయి. ఎదురుగా ఇసుక మేట మీద అలలు విరిగి తెల్లగా లేస్తున్నాయి. ఆ విరుపులో అడ్డంగా పడితే లాంచీ తిరగబడుతుంది. లంగరు వేశాం. కింద మెత్తటి ఇసుక, రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది కానీ తాడు తెగింది. మాణిక్యం తెగిన కొసను చూస్తూ, "అమ్మా, అమ్మా" అంది. పిలిచింది తల్లినో, లాంచీనో.

వీర్రాజు నా ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మగారూ, ఫిల్టరు తీసేసి డైరెక్టుగా ఇస్తే కాసేపు నడుస్తాదండి. ఆ నీళ్లూ ఆ జిగురూ పంపులోకి పోతాయి. పంపు పట్టేస్తాది. అది మళ్లీ దొరకదండి, ఆ కంపెనీ ఎప్పుడో మూసేశారు. నడపకపోతే..." మేట వైపు చూపించాడు. "మీరు చెప్పండి."

మా వారూ, ఆయన తర్వాత వీర్రాజూ నలభై ఏళ్లు కాపాడుకొచ్చిన ఇంజిన్. దాన్ని చెడకుండా చేర్చడానికే మేం వచ్చింది.

"మీకు ఈత వచ్చా?" అని అడిగాను.

"నాకొచ్చండి. మీకూ, చిన్నమ్మగారికీ?"

మాణిక్యానికి వచ్చు, ఒకప్పుడు. నాకు రాదు.

"నడపండి" అన్నాను.

వీర్రాజు గొట్టం నేరుగా తగిలించాడు. చక్రం తిప్పాడు. సుభద్ర అందుకుంది. ఎప్పుడూ వినని చప్పుడుతో, నల్లటి పొగతో, వణుకుతూ, మమ్మల్ని ఆటుకు అడ్డంగా లాక్కుని మడ అడవి వైపు తీసుకెళ్లింది. పదకొండు నిమిషాలు. ముక్కు బురదలో దిగింది, కొమ్మలు మా మీద పడ్డాయి. అప్పుడు ఇనుము ఇనుమును కోసినట్టు ఒక అరుపు వినిపించి ఆగిపోయింది. కొమ్మల మీంచి కొంగలన్నీ లేచిపోయాయి.

వీర్రాజు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి, కాలుతున్నా తియ్యలేదు. మాణిక్యమే లాగింది.

ధనరాజు గారి పల్లె

చేపల పడవలు రెండు మమ్మల్ని కట్టుకుని లాగాయి. చీకటి పడకముందే ఊరి రేవు చేరాం. ఊళ్లో ఆడవాళ్లంతా లాంచీ వస్తోందని ముగ్గు పెట్టి ఉంచారు. లాంచీ ఇంజిన్ చప్పుడు లేకుండానే వచ్చింది. ఇద్దరు ముగ్గురు ఎక్కి బెంచీల మీద కూర్చుని చూశారు. ఒకావిడ తన గంప ఎక్కడ పెడితే ఎవరికీ తగలకుండా ఉంటుందో చూసుకుని, అక్కడ పెట్టి, మళ్లీ తీసుకుని దిగిపోయింది.

కాజాల పెట్టె ధనరాజు గారి భార్య చేతికిచ్చాం. ఆవిడ అందరికీ పంచింది. ఇక్కడ వచ్చినవాళ్లకు ముందు కాళ్లకు వేణ్నీళ్లిస్తారు, తర్వాతే మాట. మా వైపు ఆ అలవాటు పోయింది. వేడన్నం, చింతకాయ పచ్చడి పెట్టారు.

శుక్రవారం పొద్దున్న మెకానిక్ పడవలో వచ్చి పంపు విప్పాడు. లోపలి కడ్డీలు రెండూ గొట్టాల్లో బిగిసిపోయి ఉన్నాయి. ఒక సిలిండర్లో డీజిల్ సరిగ్గా చిమ్మక ధారగా పడి, లోపలి నూనెను కడిగేసింది. పిస్టను గోడను గీరేసి అక్కడే ఇరుక్కుంది. నిలువుగా లోతైన గీతలు. అతను నా చెయ్యి పట్టుకుని లోపల తడిమించాడు. నా గోరు గీతలో దిగింది.

ధనరాజు గారు చాలాసేపు లాంచీ చుట్టూ తిరిగారు.

"చెక్క బాగుందండి. అడుగు ఇనప రేకు బాగుంది. కొత్తింజిన్ పెడదామంటే లాంచీకి మీకిచ్చేదానికి మూడింతలవుతాదండి. ఊరంతా చందా వేసినా అంత రాదు. నన్ను క్షమించాలండి."

"మీరన్న మాట మీరన్నారు. అందులో క్షమించేదేముంది" అన్నాను.

వీర్రాజు ఆయనకు నమస్కారం చేసి, తన గుడ్డల సంచి లాంచీలోంచి తీసుకున్నాడు. ఆ ఊళ్లో ఉండటానికి అతను దుప్పటి కూడా తెచ్చుకున్నాడు.

సాయంత్రం ఫోను మోగింది. సూరిబాబు.

"చేరారాండీ క్షేమంగా? రాత్రంతా మీ గురించే చెప్పుకున్నామండి ఇంట్లో. మా డీజిల్ ఎలా పనిచేసిందండీ?"

మాణిక్యం నా ముఖంలోకే చూస్తోంది. వీర్రాజు అవతలికి తిరిగాడు. నేను ఏ లెక్కలోనూ ఒక్క అంకె తప్పు వెయ్యని మనిషిని.

"బాగా పనిచేసింది నాయనా. నీ పేరు చెప్పుకుని చేరాం."

"ఆయన రుణం ఇంతయినా తీరిందండి" అన్నాడు.

ఫోను పెట్టాక మాణిక్యం అంది: "ఎప్పటికీ చెప్పవా?"

"చెప్పి ఏం బాగుచేస్తాను?"

కాకినాడ వ్యాపారి తర్వాతి మంగళవారం వచ్చాడు. మేం చూడటానికి ఉండలేదు. బస్సులో రాజమండ్రి వచ్చేశాం.

పోయినవి:

ఇంజిన్, ఒకటి.
లాంచీ, ఒకటి. ముప్పై ఎనిమిది అడుగులు.
ఫిల్టర్లు, మూడు.
లంగరు, సగం తాడుతో.
డీజిల్, నూట ముప్పై లీటర్ల దాకా. అందులో మంచిది సగం కంటే తక్కువ.
వీర్రాజు ఉద్యోగం.
ఆ పల్లెకు రావలసిన లాంచీ.
మనుషులు ఎవరూ పోలేదు.